రెండో ఏడు తులిప్‌లు ఎందుకు పూయలేదు? గడ్డలను పెంచుకునేదెలా?

మీరు అడిగినవన్నీ ముందు ఒకచోట పెడతాను. సెంట్రల్ న్యూజెర్సీలో ఇల్లు కొన్నారు. కిందటేడాదికి ముందు అక్టోబర్‌లో 50 తులిప్ గడ్డలు నాటారు. మొదటి ఏప్రిల్‌లో అన్నీ పూశాయి. ఈ ఏప్రిల్‌లో ఏడే పూశాయి, మిగతావి తలా ఒక వెడల్పాటి ఆకు వేసి ఊరుకున్నాయి. మెయిల్ బాక్స్ పక్కన పాత ఓనర్లు వేసిన డాఫడిల్ గుబురు ఉంది, అందులో ఆకులే తప్ప పువ్వుల్లేవు. ఉన్న గడ్డల్ని ఎక్కువ చేసుకోవడం ఎలాగని అడిగారు. హైదరాబాద్‌లో ఉన్న అమ్మగారికి మేడ మీద తులిప్‌లు పెంచాలని ఉందన్నారు, ఇక్కడినుంచి గడ్డలు తీసుకెళ్లొచ్చా అని కూడా అడిగారు.

వీటితో పాటు, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు ఇంకో మాట రాశారు. పోయిన మే నెలలో పూలయిపోయాక ఆకులు చూడ్డానికి బాగాలేవని లాన్‌తో పాటే కోసేశారట. నేను ముందు పట్టుకునేది దాన్నే. ఈ ఏడు ఇంకా కోయలేదంటున్నారు కాబట్టి, ఇది చదవడం పూర్తయ్యేదాకా మోవర్‌ని గరాజ్‌లోనే ఉంచండి.

మాది కర్నూలు దగ్గర పల్లె. నాన్న ఉల్లి వేసేవాడు. మా వైపు వాటిని ఎర్రగడ్డలంటాం. ఉల్లి పొలం చూసినవాళ్లకి తులిప్ సంగతి సగం చెప్పక్కర్లేదు. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లూ కింద గడ్డ ఊరుతుంది. మెడ మెత్తబడి, ఆకు దానంతటది వాలిపోయాకే పీకుతాం. తొందరపడి ముందే పీకితే చేతికొచ్చేవి గోలీలు. విత్తనం కావాలనుకుంటే మాత్రం మంచి గడ్డలు ఏరి, చలికాలం మొదట్లో మళ్లీ భూమిలో పెట్టేవాళ్లం. ఆ చలి తగిలాకే పూకాడ లేస్తుంది. ఉల్లిని అమ్ముకునే రైతుకి ఆ కాడ కనిపిస్తే ఒళ్లు మంట, విత్తనం కట్టేవాడికి అదే పంట. తులిప్ నడకా ఇదే, కాకపోతే దానికి కర్నూలు చలి చాలదు.

ఒక తులిప్ గడ్డను సెప్టెంబర్ నెలలో నిలువుగా కోసి చూడండి. ఒక డాలర్ గడ్డ పోతే పోయింది. పైన గోధుమరంగు కాగితం లాంటి తొడుగు, లోపల తెల్లటి లావు పొరలు, అడుగున వేళ్లు మొలిచే గట్టి బిళ్ల కనిపిస్తాయి. ఆ పొరల మధ్యలో, బిళ్ల మీద నిలబడి, లేత ఆకుపచ్చ మొగ్గ ఉంటుంది. భూతద్దం పెడితే ఆరు రేకులు, ఆరు కేసరాలు, నడుమ మూడు పలకల అండాశయం లెక్కపెట్టొచ్చు. ఏప్రిల్‌లో మనం చూసే పువ్వు అక్టోబర్‌లో నాటేనాటికే లోపల తయారై కూర్చుని ఉంది! మొదటి ఏడాది మీకు 50కి 50 పూశాయంటే అది మీ మట్టి గొప్పతనమూ కాదు, మీ ఎరువు గొప్పతనమూ కాదు. హాలండ్‌లో ఎవరో రైతు అంతకుముందు ఏడాది ఆ మొక్క ఆకుల్ని పండనిచ్చాడు, ఆ డబ్బా మీరు విప్పారు, అంతే. రెండో ఏటి పువ్వు మాత్రం మీ పెరట్లో, మీ ఆకులు వండి పెట్టాల్సింది. ఆ ఆకుల్నే మీరు కోసేశారు.

తులిప్‌కి ఇంకో గుణం ఉంది, ఇది చాలామంది గమనించరు. నాటిన గడ్డ ఆ వసంతంలోనే పూర్తిగా కరిగిపోతుంది. పూసిన మొక్కను జూన్‌లో తవ్వితే పాత గడ్డ ఉండదు, దాని ఎండు తొక్క మిగులుతుంది. దాని స్థానంలో కొత్తవి పుట్టి ఉంటాయి: అంతా బాగుంటే ఒకటి పెద్దది, పక్కన రెండు మూడు చిన్నవి. బాగాలేకపోతే పెద్దదంటూ లేకుండా అన్నీ చిన్నవే. ఆ చిన్నదానికి పువ్వు పెట్టే శక్తి లేదు, అందుకని ఒకే ఒక వెడల్పాటి ఆకు వేస్తుంది. మీకు కనిపించిన ఒంటి ఆకులు అవే. మొక్క చచ్చిపోలేదు, పిల్లగా మారింది. కొట్టులో అమ్మే గడ్డల సంచీ మీద 12 అని ఉంటుంది చూడండి, అది గడ్డ చుట్టుకొలత సెంటీమీటర్లలో. మీ ఒంటి ఆకుల కింద ఉన్నవి అందులో సగమో, ఇంకా తక్కువో ఉంటాయి.

ఆకులు కోయడం ఒకటే కారణం అనను. తులిప్ జాతులు ఎక్కువగా పుట్టింది మధ్య ఆసియాలో, పామీర్, తియాన్‌షాన్ కొండల వైపు. అక్కడ చలికాలం గడ్డకట్టించేది, వేసవి నిప్పులు చెరిగేది, చుక్క వాన ఉండదు. మన న్యూజెర్సీ చలి దానికి సరిపోతుంది. సరిపోనిది మన వేసవి. జులైలో ఉక్కపోత, రోజు విడిచి రోజు వాన, అది చాలదన్నట్టు స్ప్రింక్లర్లు. మీ తులిప్ మడి లాన్ అంచున ఉందన్నారు, అంటే దానికి వేసవంతా స్నానమే. నిద్రపోవాల్సిన గడ్డను తడిపితే కుళ్లుతుంది, లేదా ముక్కలై చిన్నబోతుంది.

కాబట్టి ఇప్పుడు, మే నెలలో, చేయాల్సింది: వాడిన పూల తలల్ని గింజ కట్టకముందే తుంచేయండి, కాడ మాత్రం ఉంచండి, అదీ ఆకుపచ్చగా ఉండి వంట చేస్తుంది. ఆకుల్ని ముట్టుకోవద్దు. పూలయ్యాక దాదాపు ఆరు వారాలు పడుతుంది పసుపుబారి వాలడానికి. మెల్లగా లాగితే చేతికి ఊడివస్తే, పని అయిపోయినట్టు. చూడ్డానికి బాగోదు, నిజమే. మా వీధిలో ఒకావిడ డాఫడిల్ ఆకులకి ఏటా జడలు వేసి రబ్బరు బ్యాండ్లు పెడుతుంది. ఆకుకి ఎండ తగలాలి, జడ వేస్తే సగం ఆకు నీడలో పడుతుంది. జడ అమ్మాయిలకే అందం. దానికి బదులు ముందు వరసలో డేలిలీలు గానీ, హోస్టాలు గానీ వేయండి. అవి లేచేసరికి వీటి ఎండుటాకులు మరుగున పడతాయి. ఎరువు వేయాలనుకుంటే మార్చిలో మొలకలు పైకి వచ్చినప్పుడు కాస్త వేయండి, పూలయ్యాక వేసి లాభం తక్కువ.

ఆకులు ఎండాక ఆ 50 చోట్లూ తవ్వి గడ్డలు తీయండి. వేసవిలో ఆ తడి మడిలో ఉంచొద్దు. మట్టి దులిపి, నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, ఉల్లిగడ్డలొచ్చే జాలీ సంచుల్లో వేసి గరాజ్‌లో గాలి ఆడేచోట వేలాడదీయండి. ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి పెడితే బూజే. నొక్కి చూస్తే మెత్తగా ఉన్నవి, అడుగు బిళ్ల దగ్గర గోధుమరంగు తిరిగి పుల్లటి వాసన వచ్చేవి పారేయండి, కంపోస్టులో కూడా వేయకండి. పెద్దవి ఒక సంచీ, చిన్నవి ఒక సంచీ. అక్టోబర్‌లో పెద్దవి ముందు మడిలో, చిన్నవి ఎవరికీ కనపడని కూరగాయల మడి మూలలో వేసి ఒకటి రెండేళ్లు ఆకులతో మేపండి. వాటికి పూకాడ వస్తే మొగ్గలోనే తుంచేయండి. తులిప్‌లు ఎక్కువ చేసుకోవడం అంటే ఇంట్లో చేయగలిగేది ఇదే. గింజ నుంచి అయితే పూయడానికి ఐదు నుంచి ఏడేళ్లు, పైగా హైబ్రిడ్ గింజ తల్లిలా పూయదు. నేను ఒకసారి మొదలుపెట్టి మూడో ఏడు ఆ కుండీ ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

ఒక్కటి నిక్కచ్చిగా చెప్తాను. పెద్ద పువ్వుల తులిప్‌లలో చాలా రకాల్ని ఇక్కడ ఏడాది మొక్కలనుకుని కొనుక్కోవడమే మేలు. పార్కులవాళ్లు కూడా పూలయ్యాక తవ్వి పారేసి, మళ్లీ కొత్తవి వేస్తారు. మళ్లీ మళ్లీ పూయాలంటే డార్విన్ హైబ్రిడ్‌లు కొనండి, అపెల్డోర్న్ లాంటివి, అవి ఒకే చోట మూడు నాలుగేళ్లు పూసే అవకాశం ఎక్కువ. వాటికంటే నాకు ఇష్టమైనవి చిన్న అడవి జాతులు: టార్డా, ప్రేస్టన్స్, క్లూసియానా. క్లూసియానా జానెడు ఎత్తే, బయట ఎర్ర చార, లోపల తెలుపు, నడుమ ముదురు వంగపండు రంగు. మధ్యాహ్నం ఎండకి విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది. దీనికి భూమిలో అడ్డంగా తీగలు సాగుతాయి, వాటి కొసన కొత్త గడ్డలు కడతాయి, అలా తనంతట తానే పాకుతుంది. నేను పన్నెండు వేస్తే ఇప్పుడు లెక్క తప్పింది. దీని పేరు క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త మీద పెట్టింది. 1593లో ఆయన లైడెన్ విశ్వవిద్యాలయం తోటకి వచ్చి తులిప్‌లు నాటాడు, మరుసటి వసంతంలో పూశాయి. హాలండ్‌కి తులిప్ పిచ్చి పట్టుకోవడంలో ఆయన తోటకి పెద్ద వాటా ఉంది.

పిచ్చి అంటే గుర్తొచ్చింది. మీరు పెట్టిన ఫొటోల్లో ఒక ఎర్ర తులిప్ రేకుల మీద తెల్లటి చారలు నిప్పుమంటల్లా ఉన్నాయి, మిగతా ఎర్రవాటికి లేవు. అందంగా ఉందని రాశారు. దాన్ని ఇవాళే గడ్డతో సహా తవ్వి చెత్తబుట్టలో వేయండి. సాదాగా పూసే రకంలో ఒక్కదానికే ఉన్నట్టుండి అలాంటి చారలొస్తే అది వైరస్ లక్షణం, పేనుబంక ద్వారా పక్కవాటికి పాకుతుంది. 1630లలో డచ్చివాళ్లు ఇళ్ల ఖరీదు పెట్టి కొన్నది ఇలాంటి చారల పువ్వుల్నే, 1637 ఫిబ్రవరిలో ఆ బేరం కుప్పకూలింది. అది రోగమని బయటపడ్డది 1928లో, ఇంగ్లండ్‌లో డొరతీ కేలీ చేసిన ప్రయోగాలతో. రోగం సోకిన గడ్డ ఏటికేడాది చిక్కిపోతుంది కాబట్టి ఆ రకాలు అప్పట్లో అంత అరుదుగా ఉండేవి. చారలు కావాలంటే పుట్టుకతోనే చారలుండే రోగంలేని రకాలు దొరుకుతాయి, అవి కొనుక్కోండి.

అక్టోబర్‌లో నాటేటప్పుడు లోతు గురించి మొహమాటం వద్దు. గడ్డ ఎత్తుకి మూడింతలు అంటారు, తులిప్‌లకి నేను ఎనిమిది అంగుళాలు పెడతాను. పైపైన పెడితే ఎండకి నేల వేడెక్కి గడ్డ త్వరగా చీలిపోతుంది, ఉడతలకీ సుళువు. మన నేల ఎక్కువచోట్ల బంకమన్ను, నీళ్లు నిలిచే చోట ఏ లోతులో పెట్టినా దండగ. అటువంటిచోట మడిని అడుగు ఎత్తు చేసుకోండి. నేల 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగాక నాటాలి, మనకి అది అక్టోబర్ మధ్య తర్వాత. నవంబర్ చివర థ్యాంక్స్‌గివింగ్ దాకా సమయం ఉంది. నేను ఒకసారి ఇండియా వెళ్లొచ్చి డిసెంబర్ రెండోవారంలో గడ్డకట్టిన పైపొరని గునపంతో పగలగొట్టి నాటాను, పూశాయి. సెప్టెంబర్‌లో తొందరపడేకంటే అదే నయం.

ఉడతల సంగతి. అవి వాసన కంటే ముందు కొత్తగా తవ్విన మట్టిని గుర్తుపడతాయి. నాటాక గడ్డల ఎండు తొక్కలు ఒక్కటి కూడా మడి మీద మిగలకుండా ఏరేయండి. కోళ్ల గూటికి వేసే ఇనుప జాలీ మడి మీద పరిచి, అంచులు మట్టిలో గుచ్చి, దాని మీద ఆకుల మల్చ్ వేయండి. మొలకలు జాలీ కన్నాల్లోంచి వస్తాయి. ఎముకల పొడి గుంటలో వేయమని సంచీల మీద రాసి ఉంటుంది, నేను వేయను. మన నేలల్లో భాస్వరం సాధారణంగా సరిపడా ఉంటుంది, ఆ పొడి వాసనకి కుక్కలు, రకూన్లు వచ్చి మడంతా తిరగతోడతాయి. జింకలకైతే తులిప్ మొగ్గ బజ్జీ లాంటిది. కంచె లేని ముందుపెరట్లో తులిప్ వేసి తర్వాత ఏడవడం మొదటి ఏడాది అందరూ చేసే పనే.

జింకా ఉడతా రెండూ వదిలేసేది డాఫడిల్. కారణం, అది విషం. ఇది తెలుగిళ్లలో గట్టిగా చెప్పాల్సిన మాట. మా అత్తగారు మొదటిసారి ఇక్కడికొచ్చిన మార్చి చివర, మంచు కరిగి డాఫడిల్ ఆకులు లేచాయి. పాపం, నాలుగు నెలలుగా పచ్చటి ఆకు కోసం మొహం వాచిపోయి ఉన్నారు. ఉల్లికాడల పప్పు చేద్దామని గిన్నెడు కోసుకొచ్చి కడిగి పెట్టారు. కత్తిపీట ముందు కూర్చుని రెండు కాడలు తరిగాక ఆగి, "బాబూ, ఈ కాడలకి ఉల్లి వాసన రావట్లేదేమిటి?" అని అడిగారు. ఆ ముక్కు మమ్మల్ని ఆసుపత్రి పాలు కాకుండా కాపాడింది. ఉడికించినా ఆ విషం పోదు, వాంతులు పట్టుకుంటాయి. పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చినప్పుడు పెరడు చూపిస్తూ ముందు ఇది చెప్పండి. గడ్డల్ని కూడా వంటింట్లో, ఉల్లిగడ్డల దగ్గర ఎప్పుడూ పెట్టొద్దు.

ఇక మీ మెయిల్ బాక్స్ దగ్గరి గుబురు. డాఫడిల్ గడ్డ తులిప్ లాగా ఏటా కరిగిపోదు. పొరలు లోపలినుంచి కొత్తవి పుడుతూ, బయటివి ఎండి తొక్కవుతూ ఏళ్లు బతుకుతుంది, పక్కన పిల్లలు పెడుతుంది. పాతికేళ్ల గుబురంటే ఒక అడుగు చోటులో నలభై యాభై గడ్డలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. తిండి చాలక ఆకు మాత్రం వేస్తాయి, దీన్ని ఇక్కడివాళ్లు గుడ్డిది అంటారు. మీ ఫొటోలో పైన మేపుల్ చెట్టు కూడా బాగా కమ్ముకుంది, ఓనర్లు నాటినప్పుడు అది పిల్ల చెట్టు అయ్యుంటుంది. నీడ, ఇరుకు, మోవర్ మూడూ కలిశాయి.

జూన్‌లో ఆకులు పసుపుబారగానే, పూర్తిగా మాయమవకముందే, గుబురుకి అడుగు దూరంగా తవ్వుకోలు పార దింపి మొత్తం పెళ్లగించండి. చేత్తో విడదీయండి. తేలిగ్గా ఊడివచ్చే పిల్లల్నే తీయాలి. తల్లి తొక్క లోపలే ఉండి రెండు మొనలతో కనిపించేదాన్ని చీల్చకండి, అది వచ్చే ఏడు రెండు పూలిస్తుంది. మెత్తగా ఉన్న గడ్డ దొరికితే కోసి చూడండి, లోపల ఒకే ఒక్క లావు తెల్లపురుగు ఉండొచ్చు. ఇది తుమ్మెదలా కనిపించే ఒక ఈగ పిల్ల. మే, జూన్‌లలో ఆకు వాలిపోయినచోట నేలలో మిగిలే కన్నం పట్టుకుని ఆ ఈగ గుడ్డు పెడుతుంది. అందుకే ఆకు ఊడాక ఆ కన్నాన్ని కాలితో మట్టి తోసి మూసేయడం నాకు అలవాటైంది. మంచి గడ్డల్ని అప్పటికప్పుడే ఎండ తగిలే చోట ఆరంగుళాల లోతులో, ఆరంగుళాల దూరంలో నాటేయొచ్చు. ఒక గుబురు నుంచి వీధంతా పంచిపెట్టేటన్ని వస్తాయి. పెద్దవి వచ్చే వసంతంలోనే, చిన్నవి రెండు మూడేళ్లకి పూస్తాయి. ఎక్కువ చేసుకోవాలన్న మీ కోరికకి తులిప్ కాదు, ఇదే సరైన మొక్క.

వసంతంలో పూసే ఇంకొన్ని గడ్డ మొక్కల సంగతి కూడా చెప్తాను. క్రోకస్‌లు చెప్పకుండానే పెరుగుతాయి, మూడు నాలుగు అంగుళాల లోతు చాలు, నాలుగేళ్లకోసారి విడదీయండి. స్నోడ్రాప్‌లని మాత్రం పొడి గడ్డలుగా కొనకండి, సగం రావు. పూలయ్యాక ఆకు పచ్చగా ఉండగానే ఎవరి పెరట్లోంచైనా ఒక ముద్ద అడిగి తెచ్చి వెంటనే నాటితే బతుకుతాయి.

హైసింత్ మీద మాత్రం కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది నాకు ఇష్టమైన ఆట. హైసింత్ తనంతట తాను పిల్లలు పెట్టడం చాలా తక్కువ, దాన్ని మనం బలవంతం చేయాలి. ఆకులు ఎండాక జూన్ చివర్లో గట్టి, పెద్ద గడ్డ ఒకటి తవ్వండి. చేతికి గ్లవ్స్ ఉండాలి, లేకపోతే కందగడ్డ తరిగినట్టు దురద. గడ్డను తలకిందులు చేసి, అంచు సానబెట్టిన టీ చెంచాతో అడుగు బిళ్లను గిన్నెలా తొలిచేయండి. మధ్యలో పూమొగ్గ మొదలు కూడా రావాలి, చుట్టూ అంచు పదిలంగా ఉండాలి. కోసిన మొహంలో పొరలన్నీ ఉల్లి చక్రాల్లా కనిపిస్తాయి. తొలవడానికి చెయ్యి రాకపోతే అడుగున కత్తితో మూడు గాట్లు, కేకు ఆరు ముక్కలు కోసినట్టు, పావు అంగుళం లోతుగా పెట్టినా సరే.

ఆ గడ్డను కోసిన మొహం పైకి ఉండేలా పొడి ఇసుక పోసిన పళ్లెంలో కూర్చోబెట్టి, చీకట్లో, వెచ్చగా ఉంచాలి. బేస్‌మెంట్ పనికిరాదు, చల్లన. నేను మొదట్లో మేడ మీద అల్మారాలో పెట్టాను, అక్కడ జులైలో 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. మొదటి రెండు వారాలు ఏమీ కాదు, కోసిన చోట తోలులా గట్టిపడుతుంది. తర్వాత ఒక ఉదయం చూస్తే పొరల అంచుల మీద ఆవగింజలంత తెల్లటి బొడిపెలు. సెప్టెంబర్‌కి అవి బఠాణీలవుతాయి. మొదటిసారి మూడు గడ్డలు తొలిచాను. ఒకటి కుళ్లి అల్మారాలో బట్టలన్నీ వాసన కొట్టాయి, మా ఆవిడ ఆ పళ్లేలని ఇంకెప్పుడూ పైకి ఎక్కనివ్వనంది. మిగతా రెంటిలో ఒకదాని మీద 28 పిల్లలు లెక్కపెట్టాను. అక్టోబర్‌లో తల్లిని తలకిందులుగానే, పిల్లలతో సహా, నాలుగంగుళాల లోతులో పాతేయాలి. వసంతంలో గడ్డిపరకల్లా ఆకులు వచ్చాయి. తల్లి కరిగిపోయాక జూన్‌లో విడదీసి వేరే మడిలో వేశాను. తొలిచినవి పూయడానికి నాలుగైదేళ్లు పడుతుంది, గాట్లు పెట్టినవి తక్కువ పిల్లలిచ్చినా ఒక ఏడాది ముందు పూస్తాయి. ఆ పళ్లెం ఇప్పుడు కారు పక్కన షెల్ఫ్ మీద ఉంటుంది, గరాజ్‌లో వేడికేం తక్కువ లేదు.

అమ్మగారి విషయం. గడ్డల్ని సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్లొద్దు. మొక్కలు, గడ్డలు ఇండియాలోకి తేవాలంటే ముందుగా దిగుమతి పర్మిట్, ఇక్కడినుంచి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు అది. మన జాలీ సంచీలోంచి వెళ్లిన ఒక పురుగు అక్కడి ఉల్లి రైతుకి ఏం చేస్తుందో ఆలోచిస్తే నాకు ఆ నియమం సబబే అనిపిస్తుంది.

అక్కడ అమ్మకానికి దొరికే తులిప్ గడ్డలతో ముచ్చట తీర్చుకోవచ్చు, ఒక్కసారికి. పద్నాలుగు నుంచి పదహారు వారాలు ఫ్రిజ్‌లో, కాగితం సంచీలో ఉంచి, డిసెంబర్ మధ్యలో కుండీలో నాటాలి. ఫ్రిజ్‌లో పండ్లు ఉండకూడదు. ఆపిల్, అరటి, మామిడి లాంటివి మగ్గేటప్పుడు వదిలే వాయువు లోపలి మొగ్గను మాడ్చేస్తుంది. మూడున్నర నెలలు పండ్లు లేని ఫ్రిజ్ ఏ తెలుగింట్లో ఉంటుందో మీరే చెప్పండి. ఆ తంటా అంతా పడ్డాక జనవరిలో ఎండ కాస్త ముదిరితే కాడ సాగకుండానే పువ్వు ఆకుల మధ్యే విచ్చుకుంటుంది, ఆ గడ్డ మళ్లీ పూయదు. ఢిల్లీలో రోడ్ల పక్కన ఫిబ్రవరిలో కనిపించే తులిప్‌లు కూడా చాలావరకు ఏటేటా హాలండ్ నుంచి తెప్పించి నాటేవే. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కనున్న తోటంటారా, అక్కడ చలి దేవుడిచ్చింది.

అమ్మగారికి నేను చెప్పేది హిప్పియాస్ట్రమ్, నర్సరీల్లో అమరిల్లిస్ అనో, ఉత్త లిల్లీ అనో అంటారు. ఎర్రగా, గరాటాల్లాంటి పెద్ద పూలు, ఒక్కో బోలు కాడకి రెండు నుంచి ఐదు. దీనికి మంచు అక్కర్లేదు, కాస్త ఎండబెడితే చాలు. గడ్డలో ప్రతి నాలుగు ఆకులకి ఒక పూమొగ్గ ఏర్పడుతుంది. కాబట్టి వానాకాలమంతా ఎన్ని ఆకులు వేయిస్తే అన్ని కాడలొచ్చే వీలుంది, ఇక్కడా కథ ఆకు దగ్గరికే వచ్చింది. గడ్డ మెడ, భుజం మట్టికి పైనే ఉండేలా, గడ్డ చుట్టూ రెండు వేళ్ల సందు మాత్రమే మిగిలే కుండీలో నాటమనండి. నవంబర్ నుంచి నీళ్లు తగ్గించేసి, ఫిబ్రవరిలో మళ్లీ మొదలుపెడితే ఎండలు ముదిరే వేళకి కాడ లేస్తుంది. వానలు పడ్డాక ఆకుల మీద నల్లటి ఒళ్లు, తెల్ల, ఎర్ర చుక్కలున్న గొంగళిపురుగులు గుంపుగా పడతాయి, రెండు రోజుల్లో మొక్కను మోడు చేస్తాయి. మందు కొట్టక్కర్లేదు, పొద్దున్నే పుల్లతో ఏరి సబ్బు నీళ్ల డబ్బాలో వేస్తే సరి.

పెంచడం కూడా తేలిక. పిల్లలు పక్కనే పెడుతుంది. ఓపిక ఉంటే ఒక పెద్ద గడ్డను నిలువుగా ఎనిమిది ముక్కలు కోసి, ప్రతి ముక్కకీ అడుగు బిళ్ల తునక అంటుకుని ఉండేలా చూసి, తడి పిండేసిన కొబ్బరి పొట్టుతో కలిపి పాలిథిన్ సంచీలో కట్టి నీడలో ఉంచమనండి. రెండు మూడు నెలల్లో పొరల సందుల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి. అడుగు బిళ్ల లేని ముక్క ఎంత పెద్దదైనా వట్టి పొరే, కుళ్లిపోతుంది. పిల్లలు మూడేళ్లకి పూస్తాయి.

మీ పెరటికి మళ్లీ వస్తే, ఈ శనివారం చేయాల్సిన పని ఒకటి మిగిలింది. ఆకులు ఉండగానే ప్రతి మొక్క పక్కనా ఐస్‌క్రీం పుల్లొకటి గుచ్చండి: పూసినదానికి నిలువుగా, ఒంటి ఆకుదానికి వాలుగా. పేర్లు పెన్సిల్‌తోనే రాయండి, మార్కర్ సిరా ఆగస్టుకి వెలిసిపోతుంది. నేను పుల్లలు పెట్టని ఏడాది అక్టోబర్‌లో ఖాళీగా ఉందనుకున్న చోట పార దింపితే, మొదటి పోటుకే తెల్లగా రెండు ముక్కలై వచ్చింది నా పెద్ద హైసింత్.